ఒక్క రివాల్వర్‌తో రెండు పనులు అవుతాయా?

డాలస్ శివారు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు నలభై రెండేళ్ళు. ఒక పెద్ద మందుల దుకాణాల సంస్థలో ఫార్మసిస్టు. వారానికి మూడు రోజులు రాత్రి పదింటికి దుకాణం మూసి, దాదాపు ఖాళీ అయిపోయిన పార్కింగ్ స్థలం దాటి కారు దాకా ఒంటరిగా నడుస్తారు. రెండు నెలల కిందట ఒక రాత్రి ఎవరో అపరిచితుడు ఆమెను కారు దాకా వెంబడించాడు. ఆమె లోపల కూర్చుని తలుపు వేసుకున్నాక అద్దం మీద అరచేత్తో బాది, ఏదో అరుస్తూ వెళ్ళిపోయాడు. దెబ్బ తగల్లేదు, వస్తువేదీ పోలేదు. కానీ రాత్రి పని ఉన్న రోజున మధ్యాహ్నం నుంచే కడుపులో తిప్పుతోందని రాశారు.

తుపాకీ కొనాలని ఆమె నిర్ణయించుకున్నారు. కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, చాలాకాలంగా వాపూ నొప్పీ ఉన్నాయి. అందువల్ల తూటా ఎక్కించడానికి పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగడం ఆమె వల్ల కావడం లేదు. తుపాకుల దుకాణంలో అమ్మకందారు "ఆడవాళ్ళకు ఇదే సరిపోతుంది" అంటూ పదిహేను ఔన్సుల (దాదాపు 425 గ్రాముల) బుల్లి రివాల్వర్ చేతిలో పెట్టాడు. అలాంటిదే స్నేహితురాలి దగ్గర ఉంటే, కాల్పులు సాధన చేసే రేంజ్‌కు వెళ్ళి కాల్చి చూశారు. అయిదు తూటాలకే అరచెయ్యి మండిపోయింది, మళ్ళీ నింపబుద్ధి కాలేదు. కాస్త పెద్దదైన మధ్యస్థాయి రివాల్వర్ అయితే నడుముకు పెట్టుకోవడానికీ, రేంజ్‌లో సాధన చేయడానికీ రెండింటికీ పనికొస్తుందని ఎవరో చెప్పారట.

ఇంటి సంగతి కూడా రాశారు. భార్యాభర్తలిద్దరూ అమెరికా పౌరులే. తొమ్మిదేళ్ళ కూతురు. హెచ్-1బి వీసా మీద ఉన్న తమ్ముడు పై గదిలో ఉంటున్నాడు. వచ్చే నెలలో అత్తమామలు గుంటూరు నుంచి ఆరు నెలలకు వస్తున్నారు. "పిల్ల ఉన్న ఇంట్లో తుపాకీ వద్దు" అని భర్త. "కొనక్కా, ఇద్దరం కలిసి రేంజ్‌కు వెళ్దాం" అని తమ్ముడు. "నాకు వాదనలు వద్దు, ఏది కొనాలో పేరు చెప్పండి చాలు" అని ఆమె ఉత్తరం ముగించారు.

* * *

పేరు చెబుతాను. దాచే ఉద్దేశం లేదు. కానీ మీ ఉత్తరం మూడో పేజీలో, వేరే సంగతి చెబుతూ మీరు రాసిన ఒక వాక్యం ఉంది: "మా సంస్థలో ఉద్యోగులు ఆయుధం లోపలికి తేకూడదని నియమం ఉంది, కాబట్టి కారులో పెట్టుకుంటాను." ఏ రివాల్వర్ కొనాలన్న మీ ప్రశ్నను ఈ వాక్యం చాలావరకు మార్చేస్తోంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ చేతిని నొప్పించిన ఆ బుల్లి తుపాకీ సంగతి చూద్దాం.

మీ తప్పేమీ లేదు. మీ చెయ్యి బలహీనమైనదనీ అనుకోకండి. తూటా ఎంత ఊపుతో ముందుకు పోతుందో అంత ఊపూ తుపాకీని వెనక్కి నెడుతుంది. తుపాకీ ఎంత తేలికైతే అంత వేగంగా వచ్చి అరచేతికి తగులుతుంది. అదే తూటాను ముప్ఫై ఆరు ఔన్సుల (కిలో పైచిలుకు) తుపాకీలో పెట్టి కాలిస్తే, చేతికి తగిలే శక్తి పదిహేను ఔన్సుల దానితో పోలిస్తే సగం కంటే తక్కువ. పైగా ఆ చిన్న రివాల్వర్ల పిడి రెండు వేళ్ళకు సరిపడేంతే ఉంటుంది. చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. పిడి వెనుక అంచు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న మెత్తని చోట గుద్దుకుంటుంది. మీ వాపు ఉన్నది సరిగ్గా ఆ వైపే. నేను మొదటిసారి కాల్చింది కూడా అలాంటి తుపాకీనే. ఒక మిత్రుడు ఇచ్చాడు. పది తూటాలు కాల్చేసరికి ఆ చోట చర్మం లేచిపోయింది. పదకొండోది కాల్చేటప్పుడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుపోయాయి. ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

జేబులో ఇమడడానికి తయారైన ఆ చిన్న రివాల్వర్ ఆరితేరిన చేతికి పనికొచ్చే వస్తువు. నేర్చుకునేవారి చేతిలో పెట్టవలసింది కాదు. "ఆడవాళ్ళకు చిన్నది" అనే లెక్క ఎక్కడ పుట్టిందో గానీ, దాని వల్ల ఎందరో స్త్రీలు ఒక్కసారి కాల్చి, భయపడి, తుపాకీని సొరుగులో పడేసి మరిచిపోయారు. సాధన లేని చేతికి అందేలా సొరుగులో పడి ఉన్న తుపాకీ ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

కాబట్టి మధ్యస్థాయి చట్రం (మిగతా భాగాలన్నీ బిగించే తుపాకీ ఒళ్ళు) ఉన్నదాని వైపు మొగ్గడం సబబే. ఈ తరగతిలో దాదాపు అన్నీ .357 మాగ్నమ్ తుపాకులే. మాగ్నమ్ అనే మాట విని బెదరకండి. ఈ తూటా 1935లో వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న .38 స్పెషల్ తూటాకు, మందు నింపే ఇత్తడి గొట్టాన్ని అంగుళంలో ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ పొడిగించి, పేలుడు మందు బలం పెంచితే ఇది తయారైంది. గుండు వ్యాసం రెండింటికీ ఒకటే. అందుకే .357 రివాల్వర్‌లో .38 తూటాలు నిక్షేపంగా కాల్చుకోవచ్చు. .38 రివాల్వర్‌లో .357 తూటా పట్టదు. పట్టకూడదనే ఆ పొడవు పెంచారు. మాగ్నమ్ కోసం కట్టిన బరువైన, గట్టి చట్రంలో మెత్తని .38 తూటా కాలిస్తే చేతికి ఎంత హాయిగా ఉంటుందో మీరే చూస్తారు. మీ మణికట్టుకు ఈ ఏర్పాటే సరైనది. మాగ్నమ్ తూటాల జోలికి మీరు జీవితంలో వెళ్ళకపోయినా నష్టం లేదు. పొట్టి బారెల్ నుంచి కాల్చినప్పుడు వాటి మంట, శబ్దం కళ్ళనూ చెవులనూ కాసేపు పనిచేయనివ్వవు.

ఒక చిన్న జాగ్రత్త. పొట్టి .38 తూటాలు ఎక్కువగా కాలిస్తే సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) గదుల లోపల, తూటా మూతి ఆగే చోట, మసి వలయంలా పేరుకుంటుంది. బ్రష్షుతో దాన్ని శుభ్రం చేయకపోతే తర్వాత ఎప్పుడైనా పొడవు తూటాలు పెట్టినప్పుడు బిగుసుకుపోతాయి.

ఇక పేర్లు. స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల సంస్థ వారి కె చట్రం 1899 నుంచి ఉంది. తరతరాల అమెరికా పోలీసుల నడుముకు ఉన్నది ఈ కుటుంబమే. దాని మీద 1955లో .357 మాగ్నమ్ తెచ్చారు, అదే మోడల్ 19. మోసుకెళ్ళడానికి వీలైన బరువు, కాల్చడానికి తగిన పిడి, రెండూ కుదిరిన తుపాకీ. నా దగ్గర పాతది, నాలుగు అంగుళాల బారెల్‌ది, ఉంది. పాత వాటిలో ఒక లోపం ఉంది. బారెల్ వెనుక కొస సిలిండర్‌కు ఎదురయ్యే చోట అడుగు భాగం పలచన. తేలిక గుండు, బలమైన మందు ఉన్న మాగ్నమ్ తూటాలు అదేపనిగా కాలిస్తే అక్కడ పగులు రావచ్చు. వాడిన తుపాకీ కొనేటట్టయితే ఆ చోటును దీపం వేసి చూడాలి. .38 తూటాలకే పరిమితమైతే ఆ బెంగ అక్కర్లేదు. దీని స్టెయిన్‌లెస్ తోబుట్టువు మోడల్ 66. ఇప్పుడు కొత్తగా చేస్తున్న వాటిలో రెండుముప్పావు అంగుళాల బారెల్‌ది దాదాపు 950 గ్రాములు.

ఆ లోపానికి జవాబుగా 1980ల ఆరంభంలో అదే సంస్థ కాస్త పెద్దదైన ఎల్ చట్రం తెచ్చింది. దాని మీద వచ్చినదే 686. ఏడు తూటాలు పట్టే రకం కూడా దొరుకుతుంది. 1985లో రూగర్ వారు జీపీ100 తెచ్చారు. మూడు అంగుళాలది కిలో పైచిలుకు, నాలుగు అంగుళాలది పదకొండు వందల గ్రాములు దాటుతుంది. బండలాంటి తుపాకీ అంటారు, నిజమే. దానిలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. పిడి లోపల చట్రం మేకులాగా సన్నగా ఉంటుంది. అందుకని చిన్న చేతికి చిన్న పిడి, పెద్ద చేతికి పెద్ద పిడి, ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. 2019లో మళ్ళీ వచ్చిన కోల్ట్ కింగ్ కోబ్రా మూడు అంగుళాలది ఎనిమిది వందల గ్రాముల లోపే. ఆరు తూటాలు పడతాయి. బరువు తగ్గిన మేరకు తన్నడం పెరుగుతుంది గనక మీ చేతికి అది మూడో స్థానంలో పెడతాను. ఈ బరువులన్నీ ఖాళీ తుపాకీవి. ఆరు తూటాలు నింపితే ఇంకో తొంభై గ్రాములు చేర్చుకోండి.

బారెల్ పొడవు విషయంలో ఎక్కువ మథనపడకండి. నాలుగు అంగుళాలది గురికీ చేతికీ సుఖం, కూర్చున్నప్పుడు నడుము దగ్గర పొడుచుకుంటుంది. మూడు అంగుళాలది మధ్యేమార్గం. మీరు అడిగిన "రెండు పనులూ" అనే మాటకు అందరికంటే దగ్గరగా వచ్చేది మూడు అంగుళాల జీపీ100 గానీ, రెండుముప్పావు అంగుళాల మోడల్ 66 గానీ. ఇదుగో, మీరు అడిగిన పేర్లు.

అయితే ట్రిగ్గర్ గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. పిస్టల్ పైభాగం లాగలేనివారికి రివాల్వర్ సులువు అంటారు. అది సగమే నిజం. హ్యామర్ (తూటాను పేల్చే, వెనుక ఉండే చిన్న సుత్తి) ముందుగా ఎత్తిపెట్టకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే కొత్త రివాల్వర్లలో పది పన్నెండు పౌండ్ల బలం కావాలి. ప్రతి తూటాకూ అంతే. స్ప్రింగులు మార్పించి కొంత తేలిక చేయించుకోవచ్చు. మరీ తేలిక చేస్తే హ్యామర్ దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు. బొటనవేలితో హ్యామర్ ఎత్తి కాలిస్తే మూడు నాలుగు పౌండ్లే గానీ, భయంతో వణికే చేతికి అంత తేలిక ట్రిగ్గర్ ప్రమాదకరం. ఆ పద్ధతిని రేంజ్‌లో కాగితానికే వదిలేయండి. పైగా మీకు నొప్పి ఉన్నది ఆ బొటనవేలికే.

కాబట్టి కొనే ముందు దుకాణంలో ఇలా చేయండి. తుపాకీ ఖాళీగా ఉందని అమ్మకందారూ మీరూ ఇద్దరూ చూసుకోండి. మీ ముంజేతి ఎముక, తుపాకీ బారెల్ ఒకే వరుసలో ఉండేలా పట్టుకోండి. చూపుడు వేలి మొదటి గీత ట్రిగ్గర్ మీదకు వస్తోందా? వేలి కొస మాత్రమే అందుతోందంటే ఆ పిడి మీకు పెద్దది. అందితే, వరుసగా పన్నెండు సార్లు నొక్కండి. ఎనిమిదో సారికి బారెల్ ముక్కు కిందికి వాలిపోతోందా, మణికట్టు చురుక్కుమంటోందా, గమనించండి. వంద సమీక్షలు చదివినా ఈ పన్నెండు నొక్కుళ్ళు చెప్పేంత తెలియదు. మణికట్టుకు చికిత్స చేస్తున్న డాక్టరును కూడా సిగ్గుపడకుండా అడగండి. ఆ వాపు తగ్గేదాకా ఆగమంటే ఆగండి.

పిస్టల్ పట్టు రివాల్వర్‌కు పనికిరాదన్నది ఇంకో మాట. సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఉన్న సన్నని సందులోంచి పక్కలకు నిప్పులాంటి వాయువు చిమ్ముతుంది. రెండో చేతి బొటనవేలు అక్కడికి చాచితే కాలుతుంది, కోసుకుపోతుంది. వేళ్ళన్నీ సిలిండర్ వెనుకే ఉండాలి.

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం.

మీ సంస్థ లోపలికి ఆయుధం తేవద్దంటోంది. అలా అనే హక్కు దానికి ఉంది. టెక్సస్‌లో 2011 నాటి చట్టం వల్ల, చట్టబద్ధంగా మీ దగ్గర ఉన్న తుపాకీని తాళం వేసిన మీ సొంత కారులో ఉంచుకోవడాన్ని మాత్రం యజమానులు సాధారణంగా అడ్డుకోలేరు. సరే, కారులో పెట్టారు. రాత్రి పదింటికి దుకాణం తలుపు మూశారు. కారు దాకా నడిచారు. మీకు కడుపులో తిప్పేది ఎక్కడ? ఆ నడకలో. తుపాకీ ఎక్కడ ఉంది? నడక చివర. మీరు జీపీ100 కొన్నా, 686 కొన్నా, ప్రపంచంలోకెల్లా గొప్ప రివాల్వర్ కొన్నా, మీరు భయపడే ఆ వంద అడుగుల్లో అది మీ దగ్గర ఉండదు.

ఇంకొకటి, కష్టమైనా చెప్పాలి. ఆ రాత్రి మీరు చేసినవన్నీ సరైన పనులే. తలుపు వేసుకున్నారు, తాళం వేశారు, బయలుదేరి వచ్చేశారు. కారులో తుపాకీ ఉండి ఉంటే? అద్దం బాదుతూ అరుస్తున్న మనిషిని కాల్చడానికి అది ఒక్కటే కారణమైతే చట్టం ముందు నిలబడడం కష్టం. ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉందనీ, కాల్చక తప్పలేదనీ సహేతుకంగా నమ్మదగిన పరిస్థితి కావాలి. తుపాకీ చేతిలో ఉంటే మీరు బయలుదేరడం ఒక్క క్షణం ఆలస్యమయ్యేదేమో. ఆ రాత్రి మిమ్మల్ని కాపాడింది గేరు మార్చిన చెయ్యి.

కాబట్టి ఆ వంద అడుగులకు వేరే వైద్యం వెతకండి. మూసే వేళ ఇద్దరూ కలిసి బయటికి రావాలనే పద్ధతి పెట్టమని మేనేజరుకు రాతపూర్వకంగా అడగండి. జరిగిన సంఘటనను తేదీతో సహా ఆ ఉత్తరంలో రాయండి. దీపం కిందనున్న చోటు రాత్రి సిబ్బందికి కేటాయించమనండి. పోలీసులకు ఫిర్యాదు చేశారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే ఇప్పుడైనా చేయండి. ఇవన్నీ రివాల్వర్ ముందు చప్పగా కనిపిస్తాయని నాకు తెలుసు. కానీ మీరు భయపడే చోట మీతోపాటు ఉండేవి ఇవే.

ఇక నడుముకు పెట్టుకోవడం గురించి. కిలో పైన బరువు మోయాలంటే మందపాటి తోలు బెల్టు, దాన్ని పట్టే గట్టి ప్యాంటు ఉండాలి. మీరు పనికి నాడా కట్టుకునే మెత్తని ప్యాంటు, సెలవు రోజున కుర్తీ లెగ్గింగ్స్ వేసుకుంటానని రాశారు. ఆ నాడా ఈ బరువు మోయదు. అందుకే మీకు వెంటనే హ్యాండ్ బ్యాగు ఆలోచన వచ్చింది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

మన ఇళ్ళల్లో వేడుకలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. సత్యనారాయణ వ్రతమో, పుట్టినరోజో. వచ్చిన ఆడవాళ్ళందరి హ్యాండ్ బ్యాగులూ పడకగదిలో మంచం మీద కుప్పగా ఉంటాయి. పిల్లలు ఆ మంచం మీదే గంతులు వేస్తారు. ఫోను కోసమో, చాక్లెట్ కోసమో బ్యాగు జిప్పు తీస్తారు, తీసినందుకు ఎవరూ కోప్పడరు. మీ కూతురికి పన్నెండు పౌండ్ల ట్రిగ్గర్ నొక్కే బలం లేదని ధీమా పడకండి. పిల్లలు రెండు చేతుల బొటనవేళ్ళతో నొక్కగలరు. హ్యామర్ వెనక్కి లాగితే ఆ బలం కూడా అక్కర్లేదు. తుపాకీ ఒంటి మీద, ఒరలాంటి గట్టి హోల్‌స్టర్‌లో ఉండాలి, లేదా తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉండాలి.

చట్టం సంగతి కొంత. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న ఇరవై ఒకటేళ్ళు నిండినవారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అయినా మీరు లైసెన్సు తీసుకోండి. కూతుర్ని బడి దగ్గర దింపుతారు కదా. బడి ఆవరణకు వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండరాదని ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి దాని నుంచి మినహాయింపు ఉంది, లైసెన్సు లేకుండా మోసేవారికి లేదు. ఈ సంగతి తెలియక ఎందరో రోజూ పొద్దున్నే ఆ గీత దాటుతున్నారు. బడి భవనం లోపలికి మాత్రం లైసెన్సు ఉన్నా తీసుకెళ్ళకూడదు. గుడి దగ్గర నిషేధ ఫలకం ఉందేమో చూసుకోవాలి. లైసెన్సు పరీక్షలో మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల్లో యాభై తూటాలు కాల్చాలి. 250 పాయింట్లకు 175 వస్తే ఉత్తీర్ణత. ఆ బుల్లి రివాల్వర్‌తో యాభై కాల్చడం ఎలా ఉంటుందో మీ అరచేతికి తెలుసు. మధ్యస్థాయి దానితో, మెత్తని తూటాలతో, అది ఒక మామూలు మధ్యాహ్నం.

మీ తమ్ముడి విషయం ఇంతకంటే ముఖ్యం. హెచ్-1బి వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడం ఫెడరల్ నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి అతనికి వర్తిస్తాయో లేదో తేల్చవలసింది వలస చట్టాలు తెలిసిన న్యాయవాది. అప్పటిదాకా అతను రేంజ్‌లో సరదాకు కూడా మీ తుపాకీ పట్టుకోకూడదు. ఇంట్లో మీ పెట్టె తాళం సంకేతం అతనికి తెలియకూడదు. తెలిస్తే తుపాకీ అతని అధీనంలో కూడా ఉన్నట్టేనని వాదించడానికి ఆస్కారం ఉంటుంది. గ్రీన్ కార్డు వరుసలో నిలబడి ఉన్న కుర్రవాడి భవిష్యత్తు ఒక ఆదివారం సరదాకు పోకూడదు. సందర్శక వీసా మీద వచ్చే మీ మామగారికీ ఇదే నియమం. "ఒకసారి పట్టుకుని చూస్తానమ్మా" అని ఆయన అడిగితే మర్యాద కోసం కూడా ఇవ్వకండి.

మీ భర్త మాటను మీరు ఒక్క వాక్యంలో కొట్టిపారేశారు. నేను అలా కొట్టిపారేయలేను. మనలో చాలామంది తుపాకీని దగ్గరగా చూసింది బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన వేలాడే జోడు గొట్టాల తుపాకీనే. ఆ భయంతో పెరిగిన మనిషి పడకగదిలో తుపాకీ అంటే ఉలిక్కిపడడం సహజం. ఆయన భయానికి ఆధారం కూడా ఉంది. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంటివారి ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని ప్రజారోగ్య పరిశోధనలు ఏళ్ళుగా చెబుతున్నాయి. ఫార్మసిస్టుగా ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలిసి ఉండాలి. రెండు నెలలుగా నిద్ర లేదని రాశారు. ఆ నిద్రలేమికి డాక్టరు దగ్గరికి వెళ్ళడం కూడా మీ జాబితాలో చేర్చండి. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు నింపిన తుపాకీ అందేలా అజాగ్రత్తగా ఉంచితే టెక్సస్‌లో అది శిక్షించదగిన నేరం కూడా. ఆయనను ఒప్పించే ముందు ఆయనతో కూర్చుని, పెట్టె ఎక్కడ బిగించాలి, తాళం ఎవరి దగ్గర ఉండాలి, అత్తమామలు ఉన్నన్నాళ్ళూ ఏం చేయాలి, ఈ మూడూ మాట్లాడండి. మాటల మధ్య ఆయన మనసు మారవచ్చు, మీదీ మారవచ్చు.

ఇక మీ ముందున్న దారులు. ఒకటి, మోసుకెళ్ళే ఆలోచన వదిలి, నాలుగు అంగుళాల జీపీ100 గానీ 686 గానీ కొని, ఇంట్లో గోడకో నేలకో బిగించిన పెట్టెలో ఉంచి, రేంజ్‌లో సాధన చేయడం. చేతికి సుఖం, గురి త్వరగా కుదురుతుంది, రోజూ కారులోంచి తీసి పెట్టే బెడద ఉండదు. పార్కింగ్ స్థలం భయానికి మాత్రం ఇది మందు కాదు.

రెండు, మూడు అంగుళాల దారి. దీనికి తుపాకీ ధరతో పాటు మంచి హోల్‌స్టర్, బెల్టు, లైసెన్సు తరగతి, కారు సీటు కింద ఇనుప తీగతో బిగించే పెట్టె, అన్నీ లెక్కలో వేసుకోవాలి. దుస్తుల అలవాటు మార్చుకోవాలి. పనిరోజుల్లో కారులో కూర్చుని నడుము నుంచి పెట్టెలోకి, పెట్టె నుంచి నడుముకు మార్చాలి. నింపిన తుపాకీని ఇరుకులో చేత్తో కదిపే ప్రతిసారీ ప్రమాదానికి చోటు ఉంటుంది. కారులోంచి తుపాకులు దొంగలపాలు కావడం కూడా మామూలే. ఇంతా చేస్తే ఆ తుపాకీ మీతో ఉండేది సెలవు రోజుల్లో, ఊరు దాటి వెళ్ళినప్పుడు. అది మీకు అవసరమేనా అన్నది మీరే చెప్పగలరు. రాష్ట్రం దాటితే నియమాలు మారతాయని గుర్తుంచుకోండి.

మూడు, అత్తమామలు తిరిగి వెళ్ళేదాకా ఏదీ కొనకుండా, రేంజ్‌లో అద్దెకు దొరికే తుపాకులతో నేర్చుకోవడం. చాలా రేంజ్‌లలో జీపీ100, 686 అద్దెకు ఉంటాయి. ఈ దారిలో ఆరు నెలలు ఇంట్లో ఆయుధం ఉండదు, మీ చేతికి ఏది సరిపోతుందో డబ్బు పెట్టకముందే తెలుస్తుంది. ఇంట్లో ఏదో ఒకటి ఉందన్న ధైర్యం మాత్రం అన్నాళ్ళూ ఉండదు. మీ నిద్ర దాని మీదే ఆధారపడి ఉంటే ఆరు నెలలు చాలా పొడుగు.

నా మొగ్గు మూడో దానివైపు, ఆ తర్వాత మొదటి దానివైపు. మూడు అంగుళాలది మీరు అడిగారు కాబట్టి చెప్పాను. మీ పని, మీ దుస్తులు, మీ ఇల్లు చూస్తే నాలుగు అంగుళాలదే మీకు ఎక్కువ రోజులు మేలు చేస్తుందని నాకు అనిపిస్తోంది. మీరు ఉన్నచోట ఉండి చూస్తే వేరుగా కనిపించవచ్చు.

ఏ దారి పట్టినా మొదటి అడుగు ఒకటే. ఈ శనివారం మీ భర్తను కూడా రేంజ్‌కు తీసుకెళ్ళండి. నాలుగు అంగుళాల జీపీ100 అద్దెకు తీసుకోండి. .38 స్పెషల్‌లో 148 గ్రెయిన్ల (పది గ్రాముల లోపు) గుండు ఉన్న వాడ్‌కట్టర్ అనే తూటాలు దొరుకుతాయేమో అడగండి. మూతి చదునుగా, గొట్టం అంచుతో సమానంగా ఉంటుంది. తన్నడం చాలా తక్కువ. కాగితంలో వృత్తలేఖినితో గీసి కత్తిరించినట్టు గుండ్రని చిల్లు పడుతుంది. కాగితాన్ని అయిదు గజాల దగ్గరే పెట్టండి. హ్యామర్ ఎత్తకుండా, నెమ్మదిగా, ముప్ఫై తూటాలు చాలు. శిక్షకుణ్ణి పక్కన ఉంచుకోండి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంటికి వెళ్ళి బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోండి. మూసి ఉన్న రేంజ్‌లలో సీసం ధూళి బట్టలకు అంటుతుంది. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు ఎత్తినప్పుడు మణికట్టు ఎలా ఉందో చూసుకుని, నాకు మళ్ళీ రాయండి. మేనేజరు ఏమన్నాడో కూడా రాయండి.